కండలు కొలిచే కొలబద్ద ఎవరి చేతిలో ఉంది?

(యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వాడల పిల్లలు జిమ్ములకు పోతున్నారు. మంచిదే. తరతరాలుగా ఈ ఒంటిని పరాయి పొలాల్లో, పరాయి గొడ్లచావిళ్లలో అరగదీసుకున్నోళ్లం మనం. ఇవాళ దాన్ని మన కోసం మనం పెంచుకుంటున్నాం. అయితే చాలా జిమ్ముల గోడల మీద ఎవరి బొమ్మ ఉంటుంది? ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ బొమ్మ. ఆయనతో మాకు పేచీ లేదు. ఆస్ట్రియా పల్లెటూళ్లో పోలీసు కొడుకుగా పుట్టి, చెమటోడ్చి పైకొచ్చాడు. స్టెరాయిడ్ మందులు వాడానని తనే ఒప్పుకున్నాడు. మా పేచీ కెమెరాతో.

1977లో 'పంపింగ్ ఐరన్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. కండల పోటీలను లోకానికంతా చూపించింది ఆ సినిమానే. అందులోని మిస్టర్ ఒలింపియా పోటీ 1975లో ఎక్కడ జరిగిందో తెలుసా? దక్షిణాఫ్రికాలో, ప్రిటోరియాలో. నల్లవాళ్లను ఊరవతల బస్తీల్లోకి తోసి, పాసు లేకుండా కనబడితే జైల్లో పెడుతున్న రోజులవి. ఒలింపిక్ కమిటీ 1970లోనే ఆ దేశాన్ని వెలేసింది. వెలి అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా!

ఆ పోటీలో బరువు ఎక్కువున్నవాళ్ల తరగతిలో ఆర్నాల్డ్ మొదటివాడు. రెండోవాడు గ్వాడెలూప్ దీవిలో పుట్టిన నల్లవాడు సెర్జ్ నుబ్రే. మూడోవాడు న్యూయార్క్ తెల్ల కుర్రాడు లూ ఫెరిగ్నో. సినిమా ఆర్నాల్డ్‌కు ఎదురు నిలబెట్టింది ఎవర్ని? ఆ మూడోవాణ్ని. ఫెరిగ్నోకు చిన్నప్పట్నుంచీ చెవుడు, ఆయన పడ్డ కష్టం తక్కువదేం కాదు. కానీ రెండోవాడి కథ ఏ మూలకు పోయింది?

ఇంకొకాయన గురించి చెప్తాం వినండి. పేరు సెర్జియో ఆలివా. 1941లో క్యూబాలో పుట్టాడు. బరువులెత్తే క్రీడాకారుడు. 1962లో పోటీలకని జమైకా వెళ్లి, అక్కడి అమెరికా కాన్సులేటులోకి పరుగెత్తి ఆశ్రయం అడిగాడు. తర్వాత షికాగో చేరి, స్టీలు కార్ఖానాలో పనిచేస్తూ కండలు పెంచాడు. 1966లో 'మిస్టర్ అమెరికా' పోటీకి నిలబడితే, అందరికన్నా ఎక్కువ కండలున్నవాడని బహుమతి ఇచ్చారు. కిరీటం మాత్రం తెల్లాయనకిచ్చారు. ఆ పోటీలో కండలొక్కటే కాదు, మాటతీరు, వ్యక్తిత్వం కూడా చూసేవాళ్లు. మన దగ్గర ఇంటర్వ్యూ మార్కులు వేసినట్టన్నమాట. తన రంగే అడ్డమొచ్చిందని ఆలివా చెప్పుకున్నాడు. ఆ గడప దిగి ఇంకో సంఘంలోకి పోయి 1967, 68, 69 వరసగా మూడేళ్లు మిస్టర్ ఒలింపియా గెలిచాడు. 1969లో ఓడించింది ఎవర్నో కాదు, ఆర్నాల్డ్‌నే! తర్వాత షికాగోలో పోలీసుగా పనిచేసి 2012లో చనిపోయాడు.

మిస్టర్ అమెరికా 1939లో మొదలైంది. మొట్టమొదటి నల్ల విజేత రావడానికి 1970 దాకా పట్టింది. ఆయనే క్రిస్ డికర్సన్. అలబామాలోని మాంట్‌గోమరీలో పుట్టాడు. నల్లవాళ్లు 1955లో బస్సులెక్కడం మానేసి ఏడాదికి పైగా నడిచిన ఊరది. వాళ్లమ్మ మహాలా ఆష్లీ డికర్సన్, 1948లో ఆ రాష్ట్రంలో మొదటి నల్లజాతి మహిళా వకీలైంది. కొడుకు 1980లో, 1981లో ఒలింపియాలో రెండోవాడయ్యాడు. 1982లో, 43 ఏళ్ల వయసులో గెలిచాడు. తను స్వలింగ ప్రేమికుణ్నని దాచుకోకుండా బతికాడు. తల్లి కోర్టులో, కొడుకు స్టేజీ మీద. ఇద్దరి ముందూ మూసున్న తలుపే. ఇంతకన్నా మంచి సినిమాకథ ఎక్కడ దొరుకుతుంది?

కాలం మారలేదని మేం అనం. ఎనిమిది సార్లు ఒలింపియా గెలిచిన నల్లాయన రానీ కోల్‌మన్ మీద 2018లో డాక్యుమెంటరీ వచ్చింది. ఆపరేషన్ల మీద ఆపరేషన్లయి కర్రల సాయంతో నడిచే ఆయన్ని అందులో చూడొచ్చు. గెలుపుకు ఒళ్లు కట్టిన వెల అది. జిమ్ముకు పోయే మన పిల్లలు తప్పక చూడాలి.

మేం చెప్పొచ్చిందల్లా ఇంతే. 'మెరిట్' అని మన ముఖాన కొట్టినప్పుడల్లా ఆలివాను తలుచుకోండి. కండ కళ్లెదుటే కనబడుతుంది, టేపు పెట్టి కొలవొచ్చు. అంత కనబడేదాంట్లోనే రంగు చూసి మార్కులేశారని ఆయన అన్నాడంటే, కనబడని తెలివికి మార్కులేసేచోట ఏం చేస్తారో ఆలోచించండి. కొలిచేవాడెవడు, కెమెరా పట్టినవాడెవడు అని ముందు అడగండి.

ఇవాళ మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వాటిల్లో కెమెరాలున్నాయి. పొద్దంతా బస్తాలు మోసి సాయంత్రం డంబెల్సు ఎత్తే తమ్ముడు మీ వాడలోనే ఉంటాడు. కబడ్డీ ఆడి, ఇంటికొచ్చి అంట్లు తోమే చెల్లెలు మీ పక్కింట్లోనే ఉంటుంది. వాళ్లు కప్పు గెలిచేదాకా ఆగొద్దు. వాళ్లేం తింటున్నారో, ఎంత సంపాదిస్తున్నారో, ఎవరు రానిచ్చారో, ఎవరు గడపలోనే ఆపారో అడిగి తీయండి. పేర్లు, తేదీలు రాసిపెట్టండి. వచ్చే సమావేశానికి ఒక్కొక్కరూ ఒక్కో కథ పట్టుకురండి, కూర్చుని చూద్దాం.