గల్ఫ్ కొలువుకు బయల్దేరే ముందు

జగిత్యాల నుంచైనా, కడప నుంచైనా, కోనసీమ నుంచైనా గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ముందు పాస్‌పోర్టు తెరిచి చూసుకోండి. పదో తరగతి గట్టెక్కనివారిది సాధారణంగా ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు. వాళ్లు కువైట్, సౌదీ సహా 18 దేశాల్లో పనికి వెళ్లాలంటే, 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. "విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తా" అనే ఏజెంటును నమ్మకండి. అలా వెళితే మన సర్కారు లెక్కల్లో మీరు కార్మికులే కారు.

ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో తెలిసిపోతుంది. అతను తీసుకోవాల్సిన రుసుము గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షలు అడిగేవాణ్ని రసీదు అడిగి చూడండి, మాట మార్చేస్తాడు!

ఒప్పంద పత్రంలో మొత్తం జీతం కాదు, బేసిక్ ఎంతో చూడండి. యూఏఈలో గ్రాచ్యుటీ కట్టేది దాని మీదే. 1,500 దిర్హమ్‌ల జీతంలో బేసిక్ 800 అని రాస్తే, చివర్లో చేతికొచ్చేది దాదాపు సగానికి పడిపోతుంది.

ప్రవాసీ భారతీయ బీమా మరవకండి. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. ఆ పాలసీ కాగితం, ఒప్పందం, వీసా జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో ఇచ్చి వెళ్లండి.