నెల రోజులకు వచ్చేవాళ్లు, మూడేళ్ల పిల్లలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాల్లో చిన్నపిల్లలతో స్వచ్ఛంద సేవ గురించి నన్ను మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లు నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలతోనే గడిపాను. అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్లినప్పుడు అక్కడి తెలుగు తరగతిలో కొన్నాళ్లు పనిచేశాను. అందుకే పిలిచారు. పిలుస్తూ కార్యవర్గం ఒక కాగితం కూడా చేతిలో పెట్టింది. వచ్చే ఏడాది నుంచి బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ల పిల్లలు వేసవి సెలవుల్లో నెల రోజులు లాలాపేట్‌లో ఉంటారట. పొద్దున మన స్కూల్లో నర్సరీ పిల్లలతో, ఆదివారాలు ఉప్పల్ వైపు ఒక పిల్లల హోమ్‌లో సేవ చేస్తారట. మంచి మనసుతో రాసిన కాగితమే. అయినా అందులో రెండు చోట్ల నాకు అభ్యంతరం ఉంది. పండగ పూట ఇలాంటివి చెప్పాలా అని మా ఆయన అన్నారు. ఇంతమంది ఒక్కచోట మళ్లీ ఎప్పుడు దొరుకుతారు? అందుకే చెప్పేస్తున్నాను.

ముందు న్యూజెర్సీ సంగతి. అక్కడ వారాంతపు తెలుగు తరగతులు ఎలా నడుస్తాయో మీలో చాలామందికి తెలుసు. సిలికానాంధ్ర వాళ్ల మనబడి 2007 నుంచి నడుస్తోంది. తానా వాళ్ల పాఠశాల ఉంది. ఊరి సంఘాలు సొంతంగా నడుపుకునేవి కూడా ఉన్నాయి. ఎక్కడైనా పాఠం చెప్పేది ఎక్కువగా తల్లిదండ్రులే. వారమంతా ఆఫీసు పని చేసి, వారాంతంలో రెండు గంటలు పలక బలపం పడతారు. మా కోడలు నన్ను తీసుకెళ్లిన తరగతిలో పన్నెండు మంది పిల్లలు, అందరూ నాలుగైదేళ్ల వాళ్లు. టీచరమ్మ వరంగల్ అమ్మాయి, బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం. పాఠం బాగానే చెబుతుంది. కానీ చిన్నపిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. నేను వచ్చానని ఆ పిల్లకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "ఆంటీ, రేపటి నుంచి క్లాసు మీరే తీసుకోండి" అంది.

నేను ఒప్పుకోలేదు. నేను దిగింది అక్టోబరులో, తిరుగు టికెట్టు మార్చిలో. వాళ్ల తరగతులు సెప్టెంబరులో మొదలై మే దాకా ఉంటాయి. మధ్యలో ఊడిపడి, చివరి దాకా ఉండని మనిషి టీచరు కుర్చీలో కూర్చుంటే, ఆ మనిషి వెళ్లాక ఆ కుర్చీకి విలువ ఉండదు. కాబట్టి ముందు కూర్చునేది ఆ అమ్మాయే, నేను వెనక చాప మీద. వారం మధ్యలో ఫోన్‌లో ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు ఆడిస్తూ అంకెలు ఎలా చెప్పించాలో, ఏడ్చే పిల్లను పలకరించకుండానే పక్కన ఎలా కూర్చోవాలో ఆ అమ్మాయికి చూపించాను. పిల్లలకు ఆడించి చూపించింది ఆ అమ్మాయే.

ఇంకో పని కూడా చేశాం. ఒక పొడుగాటి కాగితం మీద గళ్లు గీసి గోడకు అంటించాం. వారానికి ఒక గడి. చివరి గడిలో విమానం బొమ్మ. తరగతి అయిపోగానే ఒక్కొక్క వారం ఒక్కొక్క పిల్ల వచ్చి ఒక గడికి రంగు వేయాలి. ఈ అమ్మమ్మ ఎప్పుడు వెళ్లిపోతుందో మొదటి రోజే పిల్లలకు తెలుసు. నాలుగేళ్ల వాళ్లకు నెలలు తెలియవు, గళ్లు తెలుస్తాయి. ఒక బాబు మాత్రం ఆఖరి మూడు గళ్లు మిగిలినప్పుడు వాళ్లమ్మను పిలిచి, కాగితం కింద ఇంకో ముక్క అతికించమన్నాడు. నవ్వొచ్చింది, కళ్లు కూడా చెమర్చాయి. వాడికి ఇంటి దగ్గర అమ్మ ఉంది, సొంత నానమ్మ ఉంది, అయినా అలా అడిగాడు.

ఇప్పుడు మన కాగితానికి వస్తాను. అమెరికాలో బళ్లు మూసేది మే చివర నుంచి జూన్ చివర లోపల. మనకు బళ్లు తెరిచేది జూన్ 12న. అంటే మీ పిల్లలు ఇక్కడికి వచ్చేసరికి మన నర్సరీ గది ఎలా ఉంటుంది? టీచర్లు చెప్పాలి. గేటు దగ్గర అమ్మ కొంగు వదలని పిల్లలు, నీళ్ల సీసా వాటేసుకుని ఏడ్చే పిల్లలు. మా కాలంలో లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ వాళ్ల పిల్లలు, విజయ డెయిరీ వాళ్ల పిల్లలు ఎక్కువ. అందరిదీ ఒకే మాట, ఒకరికొకరు తెలిసిన ఇళ్లు. ఇప్పుడు నాచారం కంపెనీల్లో పనికి వచ్చిన బీహార్, ఒడిశా కుటుంబాల పిల్లలు కూడా చేరుతున్నారు. వాళ్లకు బడీ కొత్తే, మాటా కొత్తే. మూడేళ్ల పిల్ల ఏడుపు ఆపేది బొమ్మలు చూసి కాదు. 'నిన్నటి మనిషే ఇవాళా ఉంది, అమ్మ సాయంత్రం వస్తుందని నిన్న చెప్పింది, అమ్మ వచ్చింది' అని నాలుగైదు వారాలు చూసుకున్నాక ఆపుతుంది. సరిగ్గా ఆ వారాల్లో పదహారేళ్ల అక్క వచ్చి చంకనెత్తుకుని, చాక్లెట్టిచ్చి, ఫొటో దిగి, జూలై చివర విమానమెక్కితే టీచరు ఆగస్టులో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మన దేశపు పర్యాటక వీసాలో కూడా జీతం తీసుకోని సేవకు ఒక నెల దాకానే వీలుంది. ఆ నెల వీసాకు సరిపోతుందేమో గాని నర్సరీకి చాలదు.

అయితే ఒకటి న్యాయంగా చెప్పాలి. నర్సరీలో జరిగే నష్టం చిన్నది. సాయంత్రం అమ్మ వస్తుంది, రాత్రికి అంతా సర్దుకుంటుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టింది కాగితంలో రెండో అంశం, హోమ్.

అక్కడికి పుట్టినరోజు కేకుతో వెళ్లినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. లోపలికి అడుగు పెట్టగానే రెండేళ్ల పిల్ల పరుగెత్తుకొచ్చి కాళ్లు చుట్టేసుకుంటుంది. "ఎంత ప్రేమో చూడండి, కొత్త అనే బెరుకే లేదు" అని మురిసిపోతాం. నర్సరీ టీచరుగా చెబుతున్నాను, రెండేళ్ల పిల్లకు బెరుకు ఉండాలి. కొత్త మొహం చూస్తే అమ్మ వెనక దాక్కోవాలి. దాక్కోవడానికి ఎవరూ లేని పిల్లే అందరి దగ్గరికీ పరుగెడుతుంది. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలుపెట్టి, హోముల్లో పెరుగుతున్న 136 మంది పసిపిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. సగం మందిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి వెళ్లిన పిల్లలు బాగా తేరుకున్నారు. ఎవరో తెలియని మనిషి గుమ్మంలో నిలబడి రమ్మంటే వెనక్కి చూడకుండా వెళ్లిపోవడం హోములో పెరిగిన పిల్లల్లో ఎక్కువగా కనిపించింది. ఇంగ్లండ్ డాక్టరు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికలో పసిబిడ్డకు నిలకడగా ఒక మనిషి కావాలని 1951లోనే చెప్పాడు. వచ్చిపోయే సేవకుల వల్లే ఇదంతా జరుగుతోందని నేను అనను. ఆ పిల్లల్ని వదిలి వెళ్లినవాళ్ల లెక్కలో వీళ్లు ఇంకొకరు అవుతారు, అంతే. మంచి మనసుతో వచ్చినా పిల్ల లెక్కలో తేడా ఉండదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది డబ్బు వైపు. కంబోడియాలో 2005 తర్వాత ఐదారేళ్లలోనే అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. అప్పుడు అక్కడ అనాథలు పెరగలేదు, పర్యాటకులు పెరిగారు. ఆ ఆశ్రమాల పిల్లల్లో దాదాపు ముప్పావు వంతు మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్, అక్కడి ప్రభుత్వం కలిసి తేల్చాయి. నేపాల్లో కూడా అంతే, ఆశ్రమాలు ఎక్కువగా ఉన్నది కాఠ్మండు, పోఖరా లాంటి పర్యాటకుల జిల్లాల్లో. మంచి చదువు చెప్పిస్తామని కొండ ఊళ్ల నుంచి పిల్లల్ని తెచ్చి, సేవ చేయడానికి వచ్చిన విదేశీయులకు చూపించి చందాలు తీసుకున్న దళారులు ఉన్నారు. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వంపై చట్టం చేసినప్పుడు ఈ సంగతి అక్కడి పార్లమెంటులో చర్చకు వచ్చింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానంలోనూ అనాథాశ్రమాల్లో స్వచ్ఛంద సేవ వల్ల జరిగే హాని ప్రస్తావన ఉంది. మన జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 కూడా పిల్లల్ని సంస్థలో ఉంచడం ఆఖరి మార్గమే కావాలంటుంది. ఉప్పల్ హోమ్ అలాంటిదని నేను అనడం లేదు. నేను దాన్ని చూడలేదు కూడా. ఏ హోమ్ అయినా సరే, చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువైన కొద్దీ పిల్లలు ఇంటికి వెళ్లే దారి కొంచెం మూసుకుపోతుందన్నదే నా భయం.

"అసలు ప్రేమే లేనిచోట రెండు వారాల ప్రేమైనా మంచిదే కదా అక్కా" అని నిన్న మన కోశాధికారి అడిగాడు. మంచి ప్రశ్నే. ఇంటికి చుట్టం వచ్చి వారం ఉండి వెళ్తే పిల్లకు పండగే, ఏడ్వడానికి అమ్మ ఒడి ఉంది కనుక. ఆ ఒడే లేని పిల్లకు చుట్టం వెళ్లిపోవడం ఒక్కటే మిగులుతుంది.

మీ పిల్లల్ని పంపొద్దని నేను అనడం లేదు. పంపండి, కాని పై తరగతులకు పంపండి. పోయిన వేసవిలో మన బ్యాచ్ వాళ్లమ్మాయి ఒకతి డాలస్ నుంచి వచ్చి నర్సరీలో ఉంటానంది. హెడ్మాస్టరు గారు తొమ్మిదో తరగతికి పంపారు. ముందు మొహం ముడుచుకుంది. నెల తిరిగేసరికి ఇద్దరు ఆడపిల్లలు ఆమెతో ఇంగ్లిష్‌లో పోట్లాడుతున్నారు. ఆమె వాళ్ల దగ్గర కూర్చుని బస్సు బోర్డులు తెలుగులో చదవడం నేర్చుకుంది. వెళ్లేటప్పుడు ఫోన్ నంబర్లు తీసుకున్నారు, ఇప్పటికీ మాట్లాడుకుంటున్నారు. పద్నాలుగేళ్ల పిల్లకు వీడ్కోలు అంటే ఏమిటో తెలుసు, మూడేళ్ల పిల్లకు తెలియదు. లైబ్రరీ పుస్తకాలకు లిస్టు రాయడం, ల్యాబ్ సర్దడం కూడా ఉన్నాయి. కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికి అవీ పనికొస్తాయి, అందులో తప్పేమీ లేదు.

ఇక నర్సరీకి కావలసింది జూన్ నుంచి ఏప్రిల్ దాకా మారని ఒక ఆయమ్మ. కిందటేడు ముగ్గురు మారారు, జీతం చాలక. ఆమె జీతం ఏడాదికి ఎంతవుతుందో ఆఫీసులో కనుక్కున్నాను. ఆ అంకెను రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కాగితం మీద రాసిపెట్టాను. విమానం టికెట్టు ఖర్చు మీకు తెలుసు కాబట్టి పోల్చుకోవడం కష్టం కాదు. హోమ్ సంగతి మాత్రం ఇవాళే తేల్చమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. పథకంలో ఆ పేరా తీసేసి, సాయంత్రం సమావేశంలో ఓటుకు పెట్టండి. నాలుగున్నరకు, పాత ప్రార్థన హాల్లో. నేను అక్కడే ఉంటాను. సెలవు.