ఇంటి వసారాలోని వడ్రంగము



నేను బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. వ్యాకరణము చెప్పిన నోటితో వడ్రంగమును గూర్చి చెప్పుట కొందఱికి వింతగా దోపవచ్చును. అయినను నల్లగొండ సీమలో నేను చేసిన యొక పొరపాటు నాచేత నీ మాటలు చెప్పించుచున్నది.

అమరకోశమున వడ్రంగికి తక్షుడు, వర్ధకి, త్వష్ట, రథకారుడు అను పేర్లు గలవు. మన 'వడ్రంగి' శబ్దము వర్ధకి నుండి పుట్టినదే. శిశువు నూగు తొట్టెల, పెండ్లిపీటలు, నాగలి, కాడి, ద్వారబంధము, ముసలితనమున నానుకొను చేతికఱ్ఱ, అన్నియు నాతని చేతిమీదుగా వచ్చినవే. నల్లగొండ, పాలమూరు సీమలలో పొలముగట్ల నల్లతుమ్మ నాగళ్ళకును బండిచక్రములకును, పెరటివేప పెట్టెలకును, అమ్రాబాదు వైపు అడవులలో పెరుగు టేకు తలుపులకును ఉపయోగపడుచు వచ్చినవి.

నేను దేవరకొండ ప్రాంతమున నొక పల్లెలో పనిచేయుచుండగా, అచటి వృద్ధ వడ్రంగిని పడకకుర్చీ యొకటి చేసి యిమ్మని యడిగితిని. ఆతని యింటి వసారాయే పనిశాల. బాడిత, ఉలి, రంపము, చిత్రిక, మూలమట్టము గోడ కానించి యుండెడివి. నీడలో పలకల నడుమ సన్నని పుల్లలుంచి, గాలి యాడునట్లు పేర్చియుంచెను. "ఇంకో యేడాది ఆగు పంతులూ. పచ్చికొయ్యతోని చేసిస్తే వానకాలంల నన్నే తిడతవు" అనెను. నేను నవ్వితిని గాని, ఆ మాటలో శాస్త్రమున్నది.

పచ్చికొయ్యలో నీరుండును. అది యారునపుడు కొయ్య యడ్డముగా కుంచించుకొనును; నిడివిలో తగ్గుట అత్యల్పము. అందుచే తొందరపడి చేసిన తలుపు వంకరపోవును, పలక పగులును. అంగుళము మందమునకు ఏడాది యారవలెననునది పలుదేశముల వడ్రంగు లెఱిగిన లెక్క. ఆరిన పిదపకూడ కొయ్య వానకాలమున ఉబ్బును, వేసవిని తగ్గును. కావుననే నేర్పరి తలుపుపలకను చట్రమునకు మేకులతో బిగింపక, గాడిలో కొంచెము వదులుగా నుంచును. పైనుండు లేతకొయ్యను తీసివైచి లోపలి గట్టికొయ్యను గైకొనును. దానికే చేవ యని పేరు. మనుష్యుని సామర్థ్యమునకును మన మా మాటనే వాడుదుము.

పదునాలుగు నెలలకు కుర్చీ వచ్చినది. కొయ్యకొనను సన్నముగా జెక్కి రెండవ కొయ్య బెజ్జములో దిగగొట్టుటయే గాని, మేకొకటి లేదు.

ఆతని మనుమడు నా తరగతిలో చదువుకొనెడివాడు. పగలు బడికి వచ్చి, సాయంకాలము తాతప్రక్క గూర్చుండి చిత్రిక పట్టెడివాడు. నేను తాతను బిలిచి, "పెద్దయ్యా, సాయంకాలము కూడ వీనిని చదువుకోనిమ్ము, ఉలి పట్టింపకుము" అంటిని. ఆతడు మాఱుమాటాడలేదు. బాలుడు చక్కగా చదివి పట్టణమున ఉద్యోగము సంపాదించెను. అందులకు సంతోషమే. వృద్ధుడు గతించెను. పనిముట్లు గోనెసంచిలో చేరెను.

కొన్నియేండ్లకు ఆ మనుమడు మా యింటికి వచ్చి, కుర్చీచేతిని నిమురుచు, "సారూ, ఈ అతుకు తాత ఎట్ల పెట్టిండో మీకు తెలుసా?" అని యడిగెను. నాకు దెలియదు. వానికిని దెలియదు. మా యూర చెప్పగలవా రెవ్వరును మిగులలేదు. చదువు చెప్పుట నా తప్పు గాదు. సాయంకాలమును గూడ దీసికొనుట నా తప్పు.

ఇంటిపని గనుక నిలువదనువారు వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకను జూడవలెను. అంకుడుకొయ్యను తరిమెనపట్టి, లక్కతో రంగులద్దు బొమ్మలపని అచట నిలిచినది. ప్రకృతిసిద్ధమైన రంగులను మరల వాడుకలోనికి దెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. మన తెలంగాణములోనే నిర్మల పట్టణమున పొనికికొయ్య బొమ్మల పనియు నిట్లే నిలిచినది. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున 18 వృత్తులు చేర్పబడగా, వడ్రంగ మందొకటి. శిక్షణమును, పనిముట్లకు 15,000 రూపాయల వఱకు సహాయమును అందు నిర్ణయింపబడినవి. పనిముట్లు కొనవచ్చును గాని, చేయి నేర్చుటకు ప్రక్కన గూర్చుండ బెట్టుకొను పెద్దవాడు గావలెను.

కావున పెద్దలకు నా విన్నపము రెండు మాటలే. ఇల్లు కట్టదలచినవారు కొయ్యను ముందుగానే సేకరించి నీడలో నారబెట్టి, ఊరి వడ్రంగికే పని యిండు. మీ యూర పనివాడు బ్రతికియుండగా, ఏ కులపు బాలుడైనను సరే, వారమునకు రెండు సాయంకాలములు ఆ వసారాకు పంపుడు. బడిచదువు దానివలన చెడదు.

నేను ఈ ప్రసంగమును ఆ కుర్చీలోనే గూర్చుండి వ్రాసితిని. ఇప్పటికిని అది కదలదు.

సెలవు.