ఆర్‌సీ కారు కొనేముందు స్పీడు కాదు, స్పేర్ పార్టు చూడండి

కొండవీడు నుంచి మాట్లాడుతున్నా. మా ఘాట్ రోడ్డు మీద బైక్ రీల్స్ మీరు చూసే ఉంటారు. ఇవాళ మన టాపిక్ మాత్రం మూర పొడవు బండి. రిమోట్ కంట్రోల్ కార్ రేసింగ్ ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

ముందు డబ్బుల సంగతి. మిర్చి అమ్మిన డబ్బుల్లోంచి నాన్నను అడిగి కొనే బండి వారంలో అటకెక్కితే, రెండోసారి అడగడానికి నోరు రాదు. అందుకే బొమ్మ కారుకీ హాబీ గ్రేడ్ కారుకీ తేడా తెలియాలి. బొమ్మ కారులో సర్క్యూట్ అంతా ఒకే బోర్డు మీద ఉంటుంది. ఒక గేరు పన్ను విరిగిందా, విడిగా దొరకదు, బండి పోయినట్టే. హాబీ గ్రేడ్‌లో మోటారు వేరు, చక్రాలు తిప్పే సర్వో వేరు, మోటారుకి కరెంటు ఎంత వెళ్లాలో చూసే ఈఎస్‌సీ వేరు. ఏది పోతే అది మార్చుకోవచ్చు. జపాన్ కంపెనీ తమియా 1976లో పోర్షే 934 కిట్‌తో ఆర్‌సీ కార్లలోకి వచ్చింది. కిట్ అంటే ముక్కలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి. అలా బిగించినవాడికి రిపేరు సగం వచ్చేసినట్టే.

కాబట్టి ఆర్డర్ పెట్టేముందు ఆ మోడల్ పేరుతో సస్పెన్షన్ ఆర్మ్, స్పర్ గేర్ దొరుకుతున్నాయా అని వెతకండి. దొరక్కపోతే ఆ బండి వద్దు. మొదటి బండికి 1/10 స్కేల్, మామూలు బ్రష్డ్ మోటారు చాలు. గంటకు 25, 30 కిలోమీటర్లు వెళ్తుంది. వినడానికి తక్కువే, నడిపి చూడండి తెలుస్తుంది. బ్రష్‌లెస్ తర్వాత చూసుకోవచ్చు.

ఇక బ్యాటరీ. ఇక్కడ జోకులొద్దు. లైపో బ్యాటరీలో ఒక్కో సెల్ ఫుల్ చార్జ్‌కి 4.2 వోల్టులు. 3 వోల్టుల కిందకి దిగిందంటే సెల్ పాడవుతుంది. బ్యాలెన్స్ చార్జర్ తప్పనిసరి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అయితే 5 యాంప్స్ దగ్గర చార్జ్ పెట్టండి. సిమెంటు గచ్చు మీద, మీరు చూస్తుండగా పెట్టాలి. పరుపు మీద పెట్టి పడుకోవడం అస్సలు వద్దు. బ్యాటరీ ఉబ్బిందంటే దాని పని అయిపోయినట్టే. లైపో మంట ఇల్లు కాల్చేస్తుంది, చెప్పడం నా బాధ్యత.

ఎక్కడ నడపాలి? ఘాట్ రోడ్డు మీద మాత్రం కాదు. మలుపు తిరిగి వచ్చే బైకువాడికి మీ బండి కనపడదు. దాన్ని తప్పించబోయి పడేది అతనే. మిర్చి ఎత్తేశాక ఖాళీగా ఉండే కళ్లం చూడండి, గట్టి నేల, చదునుగా ఉంటుంది. రైతును అడిగి దిగండి. వాన పడితే మాత్రం నల్లరేగడి చక్రాలకి ముద్దలా పట్టేస్తుంది, ఆ రోజు సెలవు. ఎండాకాలం సన్న దుమ్ము బేరింగుల్లోకి పోతుంది. ఆట అయ్యాక పాత పెయింట్ బ్రష్‌తో దులపండి.

ప్రాక్టీసుకి నాలుగు వాటర్ బాటిళ్లు నిలబెట్టండి, అదే మీ ట్రాక్. బండి మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తిరగబడతాయి. అందరూ తడబడేది అక్కడే. మెల్లగా నడుపుతూ చెయ్యి దానికి అలవాటు పడనివ్వండి.

ఇప్పుడు చిన్న లెక్క. ఒకడు ల్యాప్‌కి 20 సెకన్ల చొప్పున పది ల్యాపులు బోల్తా పడకుండా తిరిగాడు. మొత్తం 200. ఇంకొకడు 18 సెకన్లకే తిరిగాడు, కానీ రెండుసార్లు బోల్తా పడి ఒక్కోసారి 15 సెకన్లు పోగొట్టుకున్నాడు. మొత్తం 210. గెలిచింది మెల్లగా నడిపినవాడే! ఫోన్ స్టాప్‌వాచ్‌తో మీ పది ల్యాపులూ కొలవండి. అన్నీ దాదాపు ఒకే టైమ్‌లో వస్తున్నప్పుడే స్పీడు పెంచండి.

అసలు రేసుల్లో ఇంకో మంచి పద్ధతి ఉంది. తన రేసు అయిపోయిన డ్రైవరు ట్రాక్ పక్కన నిలబడి, బోల్తా పడిన పక్కవాడి బండిని లేపి పెడతాడు. మీరు ఇద్దరే ఆడుకుంటున్నా ఇది పాటించండి. ఒకరు నడిపితే ఇంకొకరు లేపాలి. బండి ఒక్కటే ఉందా? ఇద్దరూ కలిసి కొనండి, ఖర్చు సగం, ఆట మాత్రం పూర్తిగా.

మీ ఊళ్లో నడపడానికి ఏ జాగా బాగుంటుందో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.