సూర్యునిపై విల్లెత్తిన ముని

(మృగశిర కార్తె ప్రవేశించిన సందర్భంగా, ఆలయ చలివేంద్రం ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

   

ఉగాది నాడు ప్రారంభించిన చలివేంద్రం నేటితో ముగుస్తున్నది. ఇన్ని రోజులూ దర్శనపు వరుస ప్రక్కన నిలిచి మజ్జిగ అందిస్తూ ఉండగా, భగవన్నామం తరువాత నా చెవిన అధికంగా పడిన మాట ఒకటే. "ఇవేం ఎండలు స్వామీ!" వైశాఖంలో నాలుగు దినాలు మబ్బు పట్టి జల్లులు కురిశాయి. అప్పుడు అదే వరుసలో మరొక మాట వినిపించింది. "వేసవిలో ఈ వానలేమిటి? పిల్లల సెలవులన్నీ పాడైపోయాయి!" ఎండ కాస్తే ఒక సణుగుడు, వాన కురిస్తే ఒక సణుగుడు. నేను పరులను ఎత్తిపొడవడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ సణిగేవారిలో నేనూ ఒకడిని. అందుకే ఈనాడు దీనిని గురించి మాట్లాడే సాహసం చేస్తున్నాను.

ఇది మన దేశానికే పరిమితమైన అలవాటు కాదు. కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి ఆహ్వానంపై జులై మాసంలో ఇంగ్లండు వెళ్ళాను. ఇక్కడి ఎండల నుండి తప్పించుకున్నానని సంబరపడ్డాను. పట్టుమని పది రోజులు గడవకముందే, సూర్యదర్శనం కాలేదని నేనే విసుక్కున్నాను. సంధ్యావందన వేళ అర్ఘ్యం విడుద్దామంటే ఆకాశమంతా బూడిదరంగు మబ్బు. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా పడమటి గాలులు ఒకదాని వెంట ఒకటిగా అల్పపీడనాలను ఆ దీవుల మీదికి తెస్తూ ఉంటాయట. అందువల్ల అక్కడ వేసవి అంటే హామీ లేని మాట. ఇద్దరు పరిచయస్థులు కలిస్తే కుశలప్రశ్న కంటె ముందు వాతావరణాన్ని గురించిన నిట్టూర్పే వినిపిస్తుంది. బర్మింగ్‌హామ్ సమీపాన టివిడేల్‌లో వెలసిన శ్రీ వేంకటేశ్వర బాలాజీ ఆలయానికి వెళ్ళినప్పుడు కూడా, తడిసిన గొడుగులు ముడుచుకుంటూ మన తెలుగువారు ఈ నిట్టూర్పే విడిచారు. ఇక్కడ ఎండను తిట్టినవారమే అక్కడ ఎండ లేదని తిట్టాము!

మనకు కార్తెల సామెతలు ఉన్నట్లే వారికీ ఒక నమ్మకం ఉన్నది. జులై 15వ తేదీ సెయింట్ స్విదిన్ అనే మహనీయుని దినం. ఆయన తొమ్మిదవ శతాబ్దంలో వించెస్టర్ నగరంలో మతాచార్యుడు. ఆ దినాన వాన కురిస్తే నలభై దినాలు వదలదని అక్కడి పెద్దలు చెబుతారు. దాని వెనుక ఉన్న ఐతిహ్యం నన్ను ఆకర్షించింది. తనను దేవాలయం లోపల ఘనంగా సమాధి చేయవద్దని, వాన చినుకులు పడేచోట, బాటసారుల పాదాలు సోకేచోట ఆరుబయట ఉంచమని ఆ మహనీయుడు కోరుకున్నాడట. 971లో ఆయన అస్థికలను ఆలయం లోపలికి మార్చారు. అప్పుడు ఆకాశం ఆగకుండా వర్షించిందని కథ. ఆయన కోరుకున్న వాననే ఆ దేశస్థులు ఏటేటా తిట్టుకుంటున్నారు!

ఆ దేశంలోనే 1976లో వేసవి విపరీతంగా కాసి, జలాశయాలు ఎండిపోయాయి. ఆగస్టులో కరవును ఎదుర్కొనడానికి ఒక చట్టం చేసి, డెనిస్ హోవెల్ అనే మంత్రికి ప్రత్యేకంగా ఆ బాధ్యత అప్పగించారు. ఆయన పదవి చేపట్టిన కొద్ది దినాలకే కుండపోతగా వానలు మొదలైనాయి. మళ్ళీ 2022 జులై 19న కోనింగ్స్‌బీ అనే చోట 40.3 డిగ్రీల ఎండ కాసింది. మనకది సామాన్యమైన వేసవి దినమే. కాని వెచ్చదనాన్ని లోపల నిలుపుకొనడానికి కట్టిన ఇళ్ళలో వృద్ధులు విలవిలలాడారు. వాన వానని విసుక్కున్న దేశమే ఆ దినం చినుకు కోసం ఎదురుచూసింది.

ఇంతవరకు చెప్పినది విని మీరు నవ్వుకున్నారు. ఇప్పుడు నాకు సిగ్గు కలిగించిన ఒక సంగతి చెబుతాను.

ఒక వేసవిలో, ఇదే ప్రాంగణంలో, నేనూ దర్శనపు వరుసలో నిలుచున్నాను. మధ్యాహ్నం దాటింది. రేకుల కప్పు క్రింద ఉక్కపోత భరించలేక, "స్వామీ! ఒక్క చల్లని గాలి పంపవయ్యా" అని మనసులో మొక్కుకున్నాను. అరగంటలో కారుమబ్బు కమ్మింది. ఈదురుగాలితో వాన వచ్చింది. "చూశారా, స్వామి ఎంత కరుణామయుడో!" అని ప్రక్కవారితో గట్టిగానే అన్నాను. అందరూ తలలూపారు. నా ముందు నిలుచున్న ఒక రైతు మాత్రం తల వంచుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏమైంది నాయనా?" అని అడిగాను.

"కల్లంలో మిరపకాయ ఆరబోసి వచ్చానయ్యా. పంట బాగా పండితే వస్తానని మొక్కుకున్నాను, ఆ మొక్కు తీర్చడానికే వచ్చాను. ఇంటి దగ్గర మా అమ్మ ఒక్కతే ఉన్నది. పరదాలు లాగి కప్పే శక్తి ఆమెకు లేదు" అన్నాడు.

తడిసిన మిరపకాయ రంగు తప్పుతుంది, బూజు పడుతుంది. అంగడిలో దానికి ధర ఉండదు. ఏడాది కష్టం ఒక్క జల్లుకు పోతుంది. నేను కోరిన చల్లదనమూ, అతడు కోరిన ఎండా ఒకే స్వామి సన్నిధికి చేరాయి. నా కోరికకే వాన కురిసిందని నేననుకోవడం లేదు. కాని ఆ వానకు నేను చెప్పిన కృతజ్ఞత అతనికి ఎలా వినబడి ఉంటుందో తలచుకుంటే నేటికీ నా తల వాలిపోతుంది.

మహాభారతం ఆనుశాసనిక పర్వంలో భీష్మాచార్యులవారు ధర్మరాజుకు చెప్పిన ఒక కథ ఉన్నది. జమదగ్ని మహర్షి ఒకనాడు వినోదార్థం విల్లు పట్టి బాణాలు వేస్తున్నాడు. భార్య రేణుకాదేవి వాటిని ఏరి తెచ్చి ఇస్తున్నది. జ్యేష్ఠమాసం, నడిమధ్యాహ్నం. తల మాడుతున్నది, పాదాలు కాలుతున్నాయి. ఆమె ఒక చెట్టు నీడన క్షణకాలం ఆగి, బాణాలు తెచ్చింది. ఆలస్యమెందుకైనదని ముని కోపించాడు. ఆమె ఉన్న మాట చెప్పింది. వెంటనే ఆయన సూర్యుని నేలకూలుస్తానని విల్లెక్కుపెట్టాడు!

సూర్యుడు బ్రాహ్మణ రూపంలో వచ్చి నిలిచాడు. సూర్యుడు తన కిరణాలతో నీటిని గ్రహించి వర్షకాలంలో తిరిగి కురిపిస్తాడని, ఆ వర్షం వల్లనే అన్నమని, అన్నమే ప్రాణమని వివరించాడు. చివరకు శరణు వేడాడు. ముని శాంతించి, నీ కిరణాలు కాల్చే దారిలో జనులు సుఖంగా నడిచే ఉపాయం చెప్పమన్నాడు. అప్పుడు సూర్యుడు ఆయన చేతికి ఒక గొడుగును, తోలు పాదరక్షలను ఇచ్చాడు. ఛత్ర పాదుకా దానం లోకంలో అలా ప్రవర్తిల్లింది.

ఈ కథలో మూడు విషయాలు గమనించండి.

మొదటిది, సూర్యుడు తన వేడిని తగ్గించుకోలేదు. తగ్గించుకోకూడదు కూడా. మన నేల వేసవిలో బాగా వేడెక్కి, దాని మీద వాయుపీడనం తగ్గినప్పుడే సముద్రం మీది తేమగాలులు ఇటు మళ్ళుతాయి. మనం తిట్టుకునే రోహిణి ఎండలకూ, మనం ఎదురుచూసే తొలకరికీ ఉన్న బంధుత్వం ఇదే.

రెండవది, తాప నివారణ మనిషి చేతికి అందినది. గొడుగు పట్టవలసినది మనమే.

మూడవది నాకు ఆలస్యంగా తోచింది. రేణుకాదేవి ఆ నడిఎండలోకి ఎవరి కోసం వెళ్ళింది? ఆమెను అక్కడికి పంపినది సూర్యుడు కాదు. ఆ బాణాలు ఎవరివి? మునివే. తన వినోదం కోసం ఒకరు ఎండలో నడుస్తున్నారన్నది ఆయనకు తోచలేదు, కోపం మాత్రం సూర్యునిపై వచ్చింది.

భక్తులారా! మనం ఎండను తిట్టే క్షణాన మన బాణాలను ఏరి తెస్తున్నది ఎవరు? తెల్లవారకముందే ఈ మాడవీధులు ఊడ్చిన తల్లులు. మీ సామాను మోసినవారు. మిమ్మల్ని తెచ్చిన ఆటో నడిపేవారు. మీ ఇంటికి వస్తువు తెచ్చి ఇచ్చే కుర్రవాడు. నేటి మన ప్రసాదంలోని బియ్యం పండించిన రైతు. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వేయిమందికి పైగా అసువులు బాశారు. ఆరుబయట పని తప్పనివారికి, వృద్ధులకు వడదెబ్బ ముప్పు అధికం. వారి బాధను మన సణుగుడుతో ఒక్క గాటన కట్టకూడదు. సౌఖ్యం చాలలేదని పలికేది సణుగుడు. బ్రతుకు చెడుతున్నదని పలికేది ఆర్తి. గీతాచార్యుడు తన్ను భజించే నాలుగు విధాల వారిలో ఆర్తుని మొదట పేర్కొన్నాడు.

అదే గీతలో, శీతోష్ణాలు వచ్చిపోయేవని, వాటిని ఓర్చుకొమ్మని స్వామి అర్జునునికి బోధించాడు. ఆ ఓర్పుకే తితిక్ష అని పేరు. చింతా విలాపమూ లేని ఓర్పే తితిక్ష అని వివేకచూడామణి నిర్వచిస్తున్నది. అయితే తితిక్ష మన తాపం విషయంలో పాటించవలసిన ధర్మం. ఇతరులు మాడుతుంటే "ఓర్చుకోండి" అని చెప్పడానికి అది సాకు కారాదు. భాగవతం దశమ స్కంధంలో, తీవ్రమైన గ్రీష్మంలో గోవులను మేపుతూ, కృష్ణస్వామి తన చెలికాండ్రకు చెట్లను చూపించి ప్రశంసిస్తాడు. గాలివానలనూ ఎండమంచులనూ అవి తాము సహిస్తూ, మనకు సోకకుండా అడ్డుకుంటున్నాయని కొనియాడతాడు. తాను ఓర్చడం, పరులకు నీడ కావడం. చెట్టులో ఈ రెండూ కలిసి ఉన్నాయి.

అందుచేత మీకొక చిన్న నియమం మనవి చేస్తున్నాను. వాతావరణాన్ని గురించి నోట సణుగుడు వచ్చినప్పుడల్లా, ఆ దినం ముగిసేలోగా ఎండలోనో వానలోనో పనిచేస్తున్న ఒకరికి చేతనైనది చేయండి. ఒక చెంబు మంచినీరు, ఒక గ్లాసు మజ్జిగ, కాసేపు కూర్చోవడానికి మీ వసారాలో నీడ చాలు. వైశాఖ మాసంలో జలదానాన్ని, గొడుగు, పాదరక్షలు, విసనకర్రల దానాన్ని స్కాందపురాణం విశేషంగా కీర్తించింది. దాతలకు మరొక్క మాట. ఈ తొలకరిలో ఒక వేపమొక్కనో కానుగమొక్కనో బాటప్రక్కన నాటి, రెండు మూడు వేసవులు నీరు పోసి కాపాడండి. మొక్కను నాటడం ఒక్క దినం పని. దానిని వేసవి దాటించడమే సేవ.

ఆనాటి రైతు సంగతి చెప్పకుండా ముగించలేను. అతని ఊరిలో ఎవరికైనా ఫోను చేయమని ప్రక్కనున్న వారు ప్రోత్సహించారు. ఇరుగుపొరుగు కుర్రాళ్ళు పరుగెత్తి పరదాలు కప్పారు. సగం పంట దక్కింది, సగం తడిసింది. అతడు ఆ తడిబట్టలతోనే స్వామి ఎదుట నిలిచి మొక్కు చెల్లించాడు. అతడు స్వామిని ఏమని ప్రార్థించాడో నాకు తెలియదు. నేను మాత్రం ఆనాటి నుండి నాకు చల్లగాలి కావాలని అడగడం మానుకున్నాను. ఎవరి కల్లం తడవకుండా, ఎవరి చెరువు ఎండకుండా లోకాన్ని కాపాడమని అడుగుతున్నాను. ఆ పైన కాసిన ఎండను ఓర్చుకుంటూ, నా చేతనైనంత మేర గొడుగు పడుతున్నాను.

మన స్వామి మీకందరికీ ఆ ఓర్పునూ, ఆ గొడుగునూ అనుగ్రహించుగాక!

స్వస్తి.