లాబీలో ఆడిన ఒక్క షో.. మూతపడ్డ థియేటర్లను నిలబెట్టింది!



పాత థియేటర్ మూతపడితే తర్వాత ఏమవుతుంది? అయితే ఫంక్షన్ హాల్, లేదంటే షాపింగ్ కాంప్లెక్స్. నేను చిన్నప్పుడు సినిమాలు చూసిన హాల్లో ఇప్పుడు పెళ్లిళ్లు జరుగుతున్నాయి. ఇంకేం చేస్తారులే అనుకుంటాం కదా? ఇంకోటి కూడా చేయొచ్చని చూపించిన ఒక ఊరి కథ ఈరోజు చెప్తాను.

ఆ ఊరు అమెరికాలోని క్లీవ్‌లాండ్. 1978లో మొదలైన త్యాగరాజ ఆరాధనోత్సవాల వల్ల మన సంగీతం వాళ్లందరికీ తెలిసిన పేరే. ఆ ఉత్సవాలు ఏళ్ల తరబడి జరిగిన క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ, యూక్లిడ్ అవెన్యూ అనే రోడ్డు మీద ఉంది. అదే రోడ్డులో డౌన్‌టౌన్ వైపు కొంచెం నడిస్తే ప్లేహౌస్ స్క్వేర్ వస్తుంది.

1921, 1922లో అక్కడ ఐదు థియేటర్లు కట్టారు. స్టేట్, ఒహాయో, హానా, ఆలెన్, ప్యాలెస్. నాటకాలు, వెరైటీ షోలు, మూకీ సినిమాలు.. ఒకటే సందడి! తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది. జనం ఊరి బయట కాలనీలకు వెళ్లిపోయారు. 1968, 1969లో నాలుగు థియేటర్లు వరసగా మూతపడ్డాయి. హానా ఒక్కటే మిగిలింది.

ఇక్కడే రే షెపర్డ్‌సన్ అనే ఆయన వస్తాడు. ఆర్కిటెక్ట్ కాదు, కోటీశ్వరుడు అసలే కాదు. స్కూల్ బోర్డు ఉద్యోగి. 1970లో టీచర్ల మీటింగ్ కోసం హాల్ వెతుక్కుంటూ స్టేట్ థియేటర్ లోపలికి వెళ్లాడు. లాబీ గోడల మీద ఉన్న భారీ పెయింటింగులు చూసి, దీన్ని వదలకూడదు అనుకున్నాడు. ఉద్యోగం మానేసి మరీ దిగాడు. ఇంతలో 1972లో స్టేట్, ఒహాయో రెండూ కూల్చేసి పార్కింగ్ స్థలం చేద్దామనే ప్లాన్ బయటికొచ్చింది.

హాల్ బాగుచేయాలంటే బోలెడు డబ్బు కావాలి. అంత డబ్బు లేదు. కానీ స్టేట్‌కి ఒక ప్రత్యేకత ఉంది. గేటు మెయిన్ రోడ్డు మీద, హాల్ ఎక్కడో వెనకాల. రెండింటినీ కలుపుతూ 320 అడుగుల లాబీ! సరే, హాల్ సంగతి తర్వాత చూద్దాం, ముందు లాబీలోనే షో పెడదాం అనుకున్నారు. 1973లో జాక్ బ్రెల్ పాటలతో ఒక సంగీత ప్రదర్శన మొదలుపెట్టారు. మూడు వారాలు ఆడితే చాలనుకున్నది రెండేళ్లకు పైగా ఆడింది!

రాత్రిపూట డౌన్‌టౌన్‌కి ఎవరొస్తారు అన్నవాళ్లకి అదే సమాధానం. 1977లో స్థానిక ప్రభుత్వమే స్టేట్, ఒహాయో ఉన్న బిల్డింగ్ కొనేసింది. అప్పుడైనా అన్నీ ఒకేసారి బాగుచేయలేదండోయ్. 1982లో ఒహాయో, 1984లో స్టేట్, 1988లో ప్యాలెస్, 1998లో ఆలెన్.. ఒక్కొక్కటిగా తెరిచారు.

మరి రోజువారీ ఖర్చులెలా? టికెట్ల డబ్బు ఒక్కటే సరిపోదు. అందుకే ఈ థియేటర్లు నడిపే సంస్థ చుట్టుపక్కల ఆఫీస్ బిల్డింగులు కూడా తీసుకుంది. ఆ ఆదాయం కళకి అండగా నిలుస్తుంది. ఇప్పుడక్కడికి ఏడాదికి దాదాపు 10 లక్షల మంది వస్తున్నారు.

ఇందులో నాకు నచ్చిన పాయింట్ ఒక్కటే. వాళ్లు ముందు బిల్డింగ్ బాగుచేసి తర్వాత జనాన్ని పిలవలేదు. ముందు జనాన్ని పిలిచారు, వాళ్లని చూసి డబ్బు వచ్చింది. మన దగ్గర పాత హాల్ కూల్చేస్తున్నారని తెలిస్తే స్టేటస్‌లో ఒక ఫొటో పెట్టి బాధపడతాం. దానికంటే, ఇంకా తెరిచి ఉన్న హాల్‌కి ఈ నెలలో ఒక్కసారి వెళ్దాం. 1885లో పుట్టిన సురభి వాళ్ల నాటకం మీ దగ్గర్లో ఆడుతుంటే, టికెట్ కొని కూర్చోండి. కుర్చీలో మనిషి ఉన్నంతకాలం ఆ హాల్ జోలికి రావాలంటే ఎవరైనా ఆలోచిస్తారు.