కలుపును ఎవరు చల్లిరి?

(వత్సవాయిలో శ్రీ నృసింహ జయంతి సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



వేదాద్రియందు కృష్ణవేణీ తీరమున వెలసిన శ్రీ యోగానంద నరసింహస్వామి పాదపద్మములకు నమస్కరించి, ఈ పర్వదినమున నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసికొనుచున్నాను.

ఈ ఉదయము ఒక తల్లి నా వద్దకు వచ్చి కన్నీటితో ఇట్లడిగినది: "పంతులుగారూ! మావాడు అబద్ధాలాడుతున్నాడు. తోటిపిల్లలను కొడుతున్నాడు. మా ఇంటా వంటా లేదు. ఊళ్ళో వాళ్ళు 'వాడి పుట్టుకే అంత' అంటున్నారు. నిజంగా పుట్టుకేనంటారా?" ఈ ప్రశ్న ఆమె ఒక్కతెది కాదు. చెడుతనము మనిషితో పుట్టునా, లేక నేర్చిన విద్యయా? ఇది మనమందరమును విచారింపవలసిన విషయము.

పుట్టుకయే కారణమందుమా? హిరణ్యకశిపుడు సాక్షాత్తు కశ్యప మహర్షి కుమారుడు. రావణుడు పులస్త్యుని మనుమడు, వేదాధ్యయన సంపన్నుడు. ఋషివంశము వారిని కాపాడలేదు. ప్రహ్లాదుడో, అసురుని ఇంట పుట్టి భాగవతోత్తముడైనాడు. పోనీ, చదువే కారణమందుమా? చండామార్కులు ప్రహ్లాదునకు ఎంత బోధించినను ఆ బోధ అతని కంటలేదు. తల్లి గర్భమున నుండగా విన్న నారదుని మాట మాత్రము నిలిచినది. కావున పుట్టుక అన్నంత మాత్రమున గాని, బడి అన్నంత మాత్రమున గాని ఈ ప్రశ్న తీరదు.

నా బాల్యమున జరిగిన ఒక సంగతి చెప్పెదను. నేను వేదపాఠశాలలో చేరిన తొలి యేడాది, గురువుగారి పూజకు తెచ్చిన మడినీళ్ళ బిందెను కాలు తగిలించి ఒలకబోసితిని. అడిగినప్పుడు నాకంటె చిన్నవాడైన సహాధ్యాయి పేరు చెప్పితిని. ఆ పిల్లవానికి ఆనాడు మధ్యాహ్న భోజనము లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున గురువుగారి కాళ్ళపై బడి నిజము చెప్పితిని. ఆయన కోపింపలేదు. "ఒరే నాయనా, ఆ అబద్ధము నీకెవరు నేర్పినారురా?" అని అడిగిరి. ఎవరును నేర్పలేదంటిని. "మరి రాత్రంతా నిద్ర పట్టనీయని ఆ బాధ ఎవరు నేర్పినారు?" అనిరి. దానికిని నా వద్ద సమాధానము లేదు. అప్పుడాయన, "రెండును నీలోనే ఉన్నవి. దేనికి అన్నము పెట్టెదవో అది పెరుగును. పోయి ఆ పిల్లవానికి క్షమాపణ చెప్పిరా" అనిరి. అరువదేండ్లు గడచినవి. ఇంతకు మించిన వ్యాఖ్యానము నేనెచ్చటను వినలేదు.

మన చేలను చూడుడు. ప్రత్తి విత్తనము కొనితెచ్చి, అదను చూచి విత్తవలెను. తుంగను, గరికను ఎవరును విత్తరు. తొలకరి పడగానే అవియే ముందు లేచును. అంతమాత్రమున భూమి స్వభావమే కలుపు అందుమా? నిరుడు తీయక వదలిన కలుపు గింజ రాల్చినది. ఆ గింజ నేలలో దాగియుండి వానకొరకు ఎదురుచూచినది. మన పెద్దలు వాసన అన్నది ఆ గింజనే. సాంగత్యము వాన వంటిది. నేడు పుట్టుకతో వచ్చినట్లు కనబడునది ఒకనాడు అభ్యాసముచే వచ్చినదే. అభ్యాసముచే వచ్చినది అభ్యాసముచేతనే పోవును. అర్జునుడు, ఇష్టము లేకున్నను బలవంతముగా త్రోసినట్లు మనిషి పాపమేల చేయునని అడుగగా, భగవానుడు కామక్రోధములను శత్రువులుగా చూపెనే గాని, ఆ మనిషి పుట్టుకను దూషింపలేదు.

ఇక మన ప్రాంతపు కథ యొకటి. జగ్గయ్యపేటను తన తండ్రి పేరిట నిలిపిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారిని ఎరుగనివారు లేరు. మంగళగిరిలో పదునొకండు అంతస్తుల గాలిగోపురమును 1807-09 సంవత్సరములలో కట్టించిన దాత ఆయనయే. అట్టి ప్రభువు, దోపిడులు చేయుచున్నారను కోపముతో, వందలకొలది చెంచులను విందుకు పిలిపించి నరికించెనని జనశ్రుతి. అటుపిమ్మట విస్తరిలో అన్నము పురుగులుగా కనబడి ముద్ద దిగలేదనియు, అమరావతిలో అమరేశ్వరుని సేవించిన పిదప గాని శాంతి కలుగలేదనియు చెప్పుదురు. ఆ క్రౌర్యమునకు అధికారము వానయైనది. ఆ అన్నము పురుగులగుట ఎవరు నేర్పినది? అంతరాత్మయే. అయితే ఒక మాట మరువరాదు. ఎన్ని గోపురములు లేచినను ఆ చెంచుతల్లుల బిడ్డలు తిరిగి లేవలేదు. పశ్చాత్తాపము చేసినవానిని శుద్ధి చేయునే గాని, పోయిన ప్రాణమును తేలేదు. కావుననే కలుపును మొలకలోనే తీయవలెను.

పుట్టుకనుబట్టి చెడ్డవారని ముద్రవేయుట ఎంత ఘోరమో చరిత్రయే చెప్పుచున్నది. ఆంగ్ల ప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల చట్టమొకటి చేసినది. 1911 నాటి చట్టముతో అది మన మదరాసు రాజధానికిని వచ్చినది. ఎరుకల మున్నగు కులములలో, ఏ దొంగతనము చేయనివారును దొంగలుగానే లెక్కకెక్కిరి. బాపట్ల దాపున స్టూవర్టుపురము అట్టివారి కొరకు ఏర్పడిన సెటిల్మెంటే. స్వాతంత్ర్యానంతరము 1952లో ఆ చట్టము దేశమంతట రద్దైనది. చట్టము పోయినను, నోటిమాట ఇంకను పోలేదు. తొట్టెలోని బిడ్డను చూచి దొంగ అనువాడు ఆ బిడ్డకు తొలి పాఠము తానే చెప్పుచున్నాడు. "పూర్వజన్మ వాసన" అను మాటయు ఇతరులను నిందించుటకు కాదు, మన మనస్సును మనము శోధించుకొనుటకు.

అందుచేత ఆ తల్లికి నేను చెప్పిన సమాధానమే మీకును విన్నవించుచున్నాను. అమ్మా! నీ బిడ్డ పుట్టుక చెడ్డది కాదు. వానిలో గింజయున్నది నిజము. అది నాలోను ఉన్నది, నీలోను ఉన్నది. "వాడింతే" అను మాట మీ ఇంట వినబడనీయకుము. తప్పు చేసినప్పుడు దాచవద్దు. వానిచేత ఒప్పించి, దెబ్బతిన్న పిల్లవాని యింటికి నీవే వెంటబెట్టుకొని పొమ్ము. మంచి చేసిననాడు గుర్తించి చెప్పుము. సాయంకాలము గుడికి తీసికొనిరమ్ము. వాడు ఎవరితో తిరుగుచున్నాడో కనిపెట్టుము. వాని ఎదుట నీవు అబద్ధమాడకుము. ఒక్కనాటితో కలుపు పోదు. రైతు ఒకసారి తీసి ఊరకుండునా?

స్తంభమునందు నున్న స్వామి బాలుని పిలుపుకు బయటికి వచ్చెను. ఎంత చెడినవాని హృదయమునందైనను స్వామి యున్నాడు. పిలిచెడి ప్రహ్లాదుడు కావలెను. వాని కొరకు ముందుగా పిలువవలసినది మనమే.

సర్వేజనాః సుఖినో భవంతు.